విని రాసిన బొమ్మలు

కలంకారీ మీద నేను చదివిన వ్యాసాలు దాదాపు అన్నీ రంగుల గురించే. కరక్కాయ, పటిక, నీలిమందు, బెల్లం నీళ్ళలో నానేసిన తుప్పు ఇనుము. చదువుతుంటే కంటికి విందులా ఉంటుంది. చెవి సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. గీసేవాడు ఏం విన్నాడు, ఎప్పుడు విన్నాడు, విన్నది గుడ్డ మీదకి ఎలా వచ్చింది అని అడిగినవాళ్ళు నాకైతే కనిపించలేదు.

ఈ ప్రశ్న నాకు ఎందుకు పట్టుకుందంటే, ఈ పనికి తెలుగులో ఉన్న పాత పేరు వల్ల. కలంకారీ అన్నది పారసీ నుంచి వచ్చిన మాట. మనవాళ్ళు అన్నది 'వ్రాతపని'. పాత తెలుగులో బొమ్మని గీయరు, వ్రాస్తారు. చిత్తరువు వ్రాయడం అంటారు. ఇప్పటికీ మా చిత్తూరు వైపు పెద్దవాళ్ళు గోడ మీద బొమ్మ 'రాసినారు' అనడం మీరు వినే ఉంటారు. అక్షరానికీ బొమ్మకీ ఒకటే క్రియ. రాయడం అన్నాక, ముందు ఎవరో చెప్పి ఉండాలి, ఇంకెవరో విని ఉండాలి. కాళహస్తి గుడ్డల్ని అలా, విని రాసుకున్న రాతలాగా చూస్తే ఏం కనిపిస్తుందో చూద్దామనే ఈ వ్యాసం.

ముందు ఒక అడ్డంకి తొలగించాలి. సంగీతం, చిత్రకళ అనగానే మన తరానికి వచ్చే ఊహ ఒకటుంది. స్టూడియోలో చిత్రకారుడు ఒంటరిగా ఉంటాడు, పక్కన పాట మోగుతుంటుంది, పాట మూడ్‌ని ఇస్తుంది, మూడ్ రంగై కాన్వాస్ మీదకి దిగుతుంది. నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కోడ్ రాసేవాణ్ణి కాబట్టి ఈ ఊహ నాకూ బాగానే నచ్చుతుంది. కానీ దీని వయసెంత? మన దేశంలో గ్రామఫోన్ కంపెనీ మొదటి రికార్డింగులు 1902లో కలకత్తాలో జరిగాయి. వాక్‌మన్ మార్కెట్‌లోకి వచ్చింది 1979లో. అంతకుముందు బొమ్మ వేస్తూ పాట వినాలంటే ఎవరో ఒక మనిషి పక్కన కూర్చుని పాడాలి. రాజులకీ జమీందార్లకీ తప్ప అది ఎవరికి కుదురుతుంది? పనిచేసుకునేవాళ్ళు వాళ్ళకి వాళ్ళే కూనిరాగం తీసుకోవాల్సిందే. అంటే పనిచేస్తూ వినడం అనేది వందేళ్ళ అలవాటు. దాన్ని తీసుకెళ్ళి అంతకుముందు కాలానికి అంటగట్టకూడదు.

ఈ విషయంలో అందరూ ఉదహరించే కండిన్‌స్కీ కథ కూడా జాగ్రత్తగా చూస్తే వేరేగా ఉంటుంది. 1911 జనవరి 2న మ్యూనిక్‌లో షోన్‌బర్గ్ కచేరీ జరిగింది. కండిన్‌స్కీ విన్నాడు. ఆ వెంటనే 'ఇంప్రెషన్ 3 (కచేరీ)' వేశాడు. నల్లటి పియానో, దాని చుట్టూ వరదలా పసుపు. ఆ నెలలోనే షోన్‌బర్గ్‌కి ఉత్తరం కూడా రాశాడు. ఇందులో నాకు ముఖ్యం అనిపించేది ఆ పసుపు కాదు. ఆయన కచేరీలో కూర్చుని వేయలేదు. విని, ఇంటికొచ్చి, గుర్తున్నదాన్ని వేశాడు. వినడానికీ వేయడానికీ మధ్య కొంత వ్యవధి ఉంది. ఆ వ్యవధిలో కొంత పోతుంది, కొంత మిగులుతుంది. మిగిలిందే బొమ్మ.

మనకి దగ్గరి ఉదాహరణ కావాలంటే బాపు. హిందుస్తానీ సంగీతమంటే, అందులోనూ బడే గులాం అలీ ఖాన్ అంటే, మెహదీ హసన్ గజళ్ళంటే ఆయనకి ఎంత ఇష్టమో ఆయన అభిమానులందరికీ తెలుసు. దాంతో బాపు గీత మీద రాసేవాళ్ళకి ఒక సులువైన వాక్యం దొరికింది. ఆ గీత తాన్‌లాగా సాగుతుంది అని. వినడానికి బాగుంది. కానీ బాపు సంగీతం అసలు వినేవారు కాదని చెప్పి అదే బొమ్మ చూపిస్తే, ఆ వాక్యం రాసినవాళ్ళు అప్పుడేం రాస్తారు? గీత నాట్యంలా ఉంది అంటారు, అంతే. బొమ్మలో పలానా చోట పాట ఉందని వేలు పెట్టి చూపించలేనప్పుడు అది పొగడ్త అవుతుంది, విమర్శ కాదు. రాగమాలా చిత్రాలతోనూ ఇదే చిక్కు. దక్కన్ నుంచి రాజస్థాన్ దాకా వందల కొద్దీ వేశారు, పేర్లన్నీ రాగాల పేర్లే. కానీ ఆ చిత్రకారుల చేతికి అందింది చాలావరకు రాగం కాదు, రాగాన్ని ఒక నాయికగానో నాయకుడిగానో వర్ణించే ధ్యానశ్లోకం. తోడి రాగం వినకుండానే వీణ పట్టుకున్న అమ్మాయినీ జింకల్నీ వేసెయ్యొచ్చు. (పూర్తిగా తిరగబడిన కేసు కూడా ఒకటుంది. మైసూరు చిత్రకారుడు కె. వెంకటప్ప వీణ శేషణ్ణ దగ్గర వీణ నేర్చుకుని, అందులో మునిగి కొంతకాలం బొమ్మలే పక్కన పెట్టేశాడు. సంగీతం చిత్రకారుడికి ఎప్పుడూ మేలే చేస్తుందనేవాళ్ళకి ఈ కథ చెప్పాలి.)

కాబట్టి నాకు కావలసింది, వినడం వల్ల బొమ్మలో ఏం మారిందో కంటికి కనిపించే చోటు. అది కాళహస్తి గుడ్డలో దొరికింది.

పాత కాళహస్తి రామాయణం గుడ్డని ఎప్పుడైనా మొత్తంగా చూశారా? చీర కొంగు మీదో కుర్తా మీదో కాదు, గుడిలో వేలాడదీయడానికి చేసిన పెద్ద గుడ్డ. నడుమ ఒక పెద్ద గది. అందులో దేవుడు, లేదా పట్టాభిషేకం. చుట్టూ వరుసలు వరుసలుగా చిన్న గదులు. ఒక్కో గదిలో ఒక్కో ఘట్టం. గదుల వెంబడి తెలుగు అక్షరాల పట్టీ, ఇక్కడ జరుగుతున్నది ఇది అని. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో 1880ల నాటి కాళహస్తి రామాయణం ఒకటుంది, చేసినాయన పేరు పంచకళ్ల పెద్ద సుబ్బరాయుడు. పేరు మిగలడం ఈ కళలో అరుదు. మిగతావాళ్ళ గుడ్డలు మిగిలాయి, పేర్లు పోయాయి.

ఈ గుడ్డ ఎలా తయారవుతుందో కొంచెం చెప్పాలి, ఎందుకంటే నా వాదన అంతా ఆ పనితనం మీదే ఆధారపడింది. గాడా గుడ్డని పాలల్లో, కరక్కాయ కషాయంలో తడిపి ఎండబెడతారు. చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో ముందు పలచగా రేఖలు వేస్తారు. తర్వాత అసలు కలం. వెదురు పుల్ల, దాని మొన చెక్కి ఉంటుంది, మొనకి కొంచెం పైన ఉన్నిపీచు చుట్టి దారంతో కట్టి ఉంటుంది. ఆ ఉన్నిని కసిమిలో ముంచుతారు. కసిమి అంటే తుప్పు ఇనుము, బెల్లం, నీళ్ళు కలిపి రోజుల తరబడి పులియబెట్టిన నలుపు. వేళ్ళతో ఉన్నిని మెల్లగా నొక్కితే కసిమి మొనలోకి దిగుతుంది. అది గుడ్డలోని కరక్కాయని తాకగానే నల్లబడుతుంది. ఇక చెరగదు. చెరిపే పద్ధతే లేదు. ఆ తర్వాత పటిక, ఎరుపుకి ఉడకబెట్టడం, స్వర్ణముఖిలో జాడించడం, ఇసుకలో ఆరబెట్టడం, పసుపు, నీలం, మళ్ళీ జాడించడం. ఒక గుడ్డకి వారాలు, పెద్దదైతే నెలలు.

రెండు విషయాలు గమనించండి. ఒకటి, గీతకి కొలత ఉంది. ఉన్నిలో ఎంత కసిమి పడితే అంత గీత. అయిపోతే ఆపి మళ్ళీ ముంచాలి. కాబట్టి ఎక్కడ ఆగాలో ముందే తెలిసుండాలి. భుజం దగ్గర ఆగొచ్చు, ముఖం మధ్యలో ఆగితే అతుకు కనబడుతుంది. పాడేవాడికి ఊపిరితో ఉండే ఇబ్బందే ఇది. ఈ పోలిక తెచ్చి కలంకారీ సంగీతమయం అనేయడం నాకిష్టం లేదు. ఇది ఒక సామ్యం, అంతవరకే.

రెండోది ముఖ్యమైనది. గుడ్డ కొలత ముందే నిర్ణయమై ఉంటుంది. గుడివాళ్ళు ఇన్ని మూరలు అన్నారంటే అన్నే. అందులో మొత్తం రామాయణం పట్టాలి. చెరపడానికి వీల్లేదు కాబట్టి మొదటి వరుస గీసేలోపే ఆఖరి వరుసలో ఏముంటుందో తేలిపోవాలి. అంటే గీయడానికి ముందే ఒక భారీ ఎడిటింగ్ పని ఉంది. ఏ ఘట్టానికి గది ఇవ్వాలి, దేనికి ఇవ్వక్కర్లేదు, ఏ రెండింటినీ ఒక గదిలో కలపొచ్చు, దేన్ని రెండు గదులు చేయాలి. మా వృత్తి భాషలో చెప్పాలంటే ఇది కంప్రెషన్. ఏది పోయినా కథ నిలబడుతుంది, ఏది పోతే కథ కూలిపోతుంది అన్న తెలివిడి లేకుండా కంప్రెషన్ కుదరదు. ఆ తెలివిడి అతనికి ఎక్కణ్ణుంచి వచ్చింది?

నాన్న గీసిన గుడ్డ చూసి కొడుకు గీశాడు అనొచ్చు. కొంతవరకు నిజమే. ముఖాలు, కిరీటాలు, దేవుళ్ళకి నీలం, హనుమంతుడికి ఆకుపచ్చ, ఇవన్నీ చూసి నేర్చుకున్నవే. కానీ నాన్న గుడ్డ కొలత వేరు, కొడుక్కి వచ్చిన ఆర్డర్ కొలత వేరు. చూసి ముఖం కాపీ చేయొచ్చు. కథ బరువుని కాపీ చేయలేం. పన్నెండు మూరల కథని ఆరు మూరలకి దించాలంటే కథ తలలో ఉండాలి, అది కూడా ఎక్కడ సాగుతుందో ఎక్కడ పరిగెడుతుందో తెలిసేలా ఉండాలి. పుస్తకం చదివి కూడా ఇది తెలుసుకోవచ్చు. అయితే పందొమ్మిదో శతాబ్దపు రాయలసీమలో చాలామందికి రామాయణ భారతాలు చెవి దారిలో వచ్చినవే. ఎవరో పాడగా, చెప్పగా విన్నవి.

ఎలా విన్నారో చెప్పాలంటే మా వైపు జరిగే భారతం గురించి చెప్పాలి. కోస్తా, తెలంగాణ మిత్రులకి ఇది చాలామందికి తెలియదు. చిత్తూరు తూర్పు భాగంలో, పుత్తూరు, చంద్రగిరి లాంటి చోట్ల, ద్రౌపదీ సమేత ధర్మరాజుల గుళ్ళున్నాయి. ఇక్కడ దేవుళ్ళు పాండవులు. ఎక్కువ ఊళ్ళలో ఎండాకాలంలో పద్దెనిమిది రోజుల ఉత్సవం జరుగుతుంది. కొన్ని ఊళ్ళలో అది జరిగే మైదానానికే భారతం మిట్ట అని పేరు. మధ్యాహ్నం హరికథ. భాగవతారు ఆ రోజు ఘట్టం పాడతాడు, వచనం చెబుతాడు, మధ్యలో పిట్టకథ చెప్పి నవ్విస్తాడు, మళ్ళీ అందుకుంటాడు. రాత్రి అదే కథ వీధినాటకం. తెల్లారేదాకా మద్దెల, తాళం, పద్యం. తమిళనాడు తెరుక్కూత్తుకి ఇది దగ్గరి చుట్టం. సరిహద్దు భూమి కాబట్టి అదేం వింత కాదు.

నేను పెరిగింది పుత్తూరు చుట్టుపక్కలే. చిన్నప్పుడు రాత్రంతా మేలుకుని చూసింది తక్కువ, చాప మీద నిద్రపోతూ విన్నది ఎక్కువ. ఆ వినికిడికి ఒక కొలత ఉందని ఇప్పుడు అర్థమవుతోంది. బకాసుర వధ రోజు భీముడు బండెక్కి ఊరంతా తిరుగుతాడు. తినడం, తిరగడం, అరుపులు, సగం రోజు దానికే పోతుంది. అర్జున తపస్సు రోజు అర్జునుడి వేషగాడు ఎత్తైన మాను మీదకి ఒక్కో మెట్టుకీ పద్యం పాడుకుంటూ ఎక్కుతాడు. కింద పిల్లల్లేని ఆడవాళ్ళు తడి బట్టలతో సాష్టాంగపడి ఉంటారు. పుస్తకంలో కొన్ని పేజీల్లో అయిపోయే తపస్సు ఇక్కడ గంటలు పడుతుంది. పుస్తకంలో పర్వాలకి పర్వాలు సాగే ధర్మబోధలు ఇక్కడ భాగవతారు నాలుగు మాటల్లో దాటేస్తాడు. ఊరికి ఏది కావాలో దాన్నిబట్టి కథ సాగుతుంది, ముడుచుకుంటుంది. పద్దెనిమిది రోజులు, ఏడాది తర్వాత ఏడాది, ఇది విన్న పిల్లవాడికి భారతంలో ఏది పెద్దది ఏది చిన్నది అని ఎవరూ వేరే చెప్పక్కర్లేదు.

ఇక ఆఖరి రోజు బొమ్మ వస్తుంది. మైదానంలో మట్టితో దుర్యోధనుణ్ణి చేస్తారు. నిలబెట్టిన విగ్రహం కాదు, వెల్లకిలా పడుకోబెట్టిన మనిషి. ఒక ఇల్లంత పొడుగు. చేతులు చాచి, కళ్ళు తెరిచి, మీసం మెలేసి, కిరీటంతో సహా. మట్టి ఆరాక రంగులేస్తారు. రాత్రంతా జరిగిన యుద్ధం పగటిపూట ఈ బొమ్మ చుట్టూ ముగుస్తుంది. భీముడు, దుర్యోధనుడు, ఇద్దరు వేషగాళ్ళూ మట్టి మనిషి చుట్టూ, మీద కూడా, గదలతో తిరుగుతారు. చివరికి భీముడు మట్టి తొడ మీద కొడతాడు. లోపల ముందే పెట్టిన ఎర్రనీళ్ళు చిమ్ముతాయి. ద్రౌపది ఆ ఎరుపుతో జుట్టు ముడి వేసుకుంటుంది. సాయంత్రం నిప్పుల గుండం.

మా ఊళ్ళో ఆ బొమ్మ చేసేది ఒక పెద్దాయన. చిన్నప్పుడు మేము ఆయన వెనకాలే తిరిగేవాళ్ళం. మధ్యాహ్నం హరికథ జరిగేటప్పుడు ఆయన పందిట్లో ముందు వరసలో కూర్చునేవాడు, పద్దెనిమిది రోజులూ. అన్నీ తెలిసిన కథే కదా తాతా, మళ్ళీ ఎందుకు కూచుంటావు అని ఎవరో అడిగితే, "ఈసారి రారాజుని ఎట్ల చెప్తాడో వినాల గదరా" అన్నాడు. అప్పుడు నాకది అర్థం కాలేదు. భాగవతారు ఏటా మారతాడు. ఒకాయన దుర్యోధనుణ్ణి దుర్మార్గుడిగా పాడతాడు. ఇంకొకాయన మానధనుడు రారాజు అని మడుగులో దాగే ఘట్టాన్ని కరుణగా లాగుతాడు. వినేవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు. మట్టి మనిషి ముఖం ఏటా ఒకేలా ఉండేది కాదు. ఒక ఏడు కోరలు, ఒక ఏడు కోరలుండవు, పెద్ద కళ్ళు మాత్రమే. ఆ రెండింటికీ సంబంధం ఉందని నేను కోర్టులో నిరూపించలేను. కానీ బొమ్మ చేసేవాడు తనంతట తానే చెప్పిన కారణం అది.

పాట చిత్రకారుడికి ఏమిస్తుంది అన్న ప్రశ్నకి నాకు దొరికిన జవాబు ఇక్కడే ఉంది. అది మూడ్‌ని ఇవ్వలేదు, కొలత ఇచ్చింది. ఏది ఎంతసేపు అన్న కొలత. గానంలో ఎంతసేపో అది గుడ్డ మీద ఎంత చోటో అవుతుంది. వినడం రాత్రి, ఊరందరితో కలిసి. రాయడం పగలు, నిశ్శబ్దంగా, తల వంచుకుని. కాళహస్తిలో గుడ్డ రాసిన పెద్ద సుబ్బరాయుడు గారు ఏ రాత్రి ఏ పందిట్లో కూర్చున్నారో ఎవరు చెప్పగలరు? కానీ వాళ్ళ చుట్టూ ఉన్న నేల ఇది, దాని గాలిలో ఉన్న కథ ఇది. గదుల వెంబడి ఉన్న అక్షరాల పట్టీ ఆ వినికిడికి మిగిలిన ఆనవాలు అని నేను అనుకుంటాను. బొమ్మని చదువుకోవడానికి చదువురాని భక్తుడికి అక్షరాలు పనికిరావు. గుడ్డ ముందు నిలబడి కథ చెప్పే మనిషికి పనికొస్తాయి, ఏ గది తర్వాత ఏ గదో మర్చిపోకుండా.

పక్క ఉదాహరణలు రెండు చూస్తే ఈ మాటకి కొంచెం బలం వస్తుంది. అనంతపురం వైపు తోలుబొమ్మలాట వాళ్ళు ఉన్నారు. నిమ్మలకుంట పేరు వినే ఉంటారు, అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఈ ఆటలో తోలు కోసేది, రంగులేసేది, తెర వెనక నిలబడి పాడేది ఒకే కుటుంబం. వాళ్ళు పాడేది ఎక్కువగా రంగనాథ రామాయణం. గోన బుద్ధారెడ్డి పదమూడో శతాబ్దంలో ద్విపదలో రాసింది. ద్విపద పాడటానికే పుట్టిన ఛందస్సు. పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం, రెండు పాదాలు కాగానే ఒక చిన్న విరామం. బొమ్మ చెయ్యి ఎక్కడ విరగాలి, మెడ ఎక్కడ తిరగాలి, ఏ కీలు కదిలితే మాట పలికినట్టుంటుంది అన్నది పాడే గొంతుకి తెలుసు. తోలు కోసే చెయ్యీ ఆ కుటుంబానిదే కాబట్టి చెవికీ చేతికీ మధ్య దూరం అతి తక్కువ.

తెలంగాణ చేర్యాల పటాల దగ్గర దూరం ఎక్కువ. అక్కడ వేసేది నకాషీలు. పాడేది వేరే కులాల కథకులు, కాకిపడగల వాళ్ళు లాంటివాళ్ళు. కథకులు వచ్చి పటం చేయించుకుంటారు. ఏ కథ, ఏ ఘట్టాలు, ఏ వరుస అన్నది వాళ్ళ గానం నిర్ణయిస్తుంది. నకాషీ దాన్ని అడ్డవరుసలుగా సన్నని పొడుగాటి గుడ్డ మీద పెడతాడు. తర్వాత కథకుడు ఊళ్ళో పటం దించి, పుల్లతో చూపిస్తూ పాడతాడు. పాట నుంచి బొమ్మ, బొమ్మ నుంచి మళ్ళీ పాట. కథకులు తగ్గిపోయాక ఆ పొడుగు పటాలు అడిగేవాళ్ళే తగ్గారు. నకాషీలు ఫ్రేముకి సరిపడే చిన్న బొమ్మలకీ మాస్కులకీ మళ్ళారు. గొంతు పోతే ముందుగా పోయేది రంగు కాదు, పొడుగు. నాకు ఇందులో ఆశ్చర్యంగా అనిపించేది ఇదే. చేర్యాల ఎరుపు ఈ రోజుకీ అదే ఎరుపు.

కాళహస్తికి తిరిగి వస్తే, ఇక్కడా అలాంటిదే జరిగింది, నెమ్మదిగా, మంచి ఉద్దేశాలతో. స్వాతంత్ర్యం వచ్చేనాటికి వ్రాతపని దాదాపు ఆగిపోయే స్థితిలో ఉంది. కమలాదేవి చటోపాధ్యాయ పట్టుదలతో 1950ల చివర్లో కాళహస్తిలో శిక్షణ కేంద్రం పెట్టారు. జొన్నలగడ్డ లక్ష్మయ్య గారు నేర్పారు. ఆయన కొడుకు గురప్ప శెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. ఆ కేంద్రం లేకపోతే ఇవాళ కలం పట్టేవాళ్ళు ఎంతమంది ఉండేవారో ఊహించుకోవచ్చు. అంతకుముందు పని దొరకని కులాల వాళ్ళు, ఆడవాళ్ళు ఈ పనిలోకి వచ్చారంటే అది ఆ తర్వాతి కథే. కాబట్టి పాత రోజులే బంగారం అనే వరసలో నేను లేను. పాత రోజుల్లో ఆ పందిట్లో ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఎవరు బయట నిలబడి వినాలో కూడా లెక్క ఉండేది.

కానీ శిక్షణ కేంద్రం చేతిని నేర్పగలదు. రంగు తయారీ నేర్పగలదు. పద్దెనిమిది రాత్రుల వినికిడిని సిలబస్‌లో పెట్టడం ఎవరి తరం? పైగా కొనేవాళ్ళు మారారు. గుడి స్థానంలో ఎంపోరియం వచ్చింది, ఢిల్లీ ఎగ్జిబిషన్ వచ్చింది, తర్వాత ఆన్‌లైన్ వచ్చింది. వాళ్ళకి కావలసింది జీవవృక్షం, నెమళ్ళు, ఒంటరి బుద్ధుడు, వినాయకుడు. చీర మీద, దుపట్టా మీద. కథ అడిగినా ఒక ఘట్టం అడుగుతారు, మొత్తం కథ కాదు. ఒక్క ఘట్టానికి ఎడిటింగ్ అక్కర్లేదు.

పోయినేడు కాళాస్త్రిలో ఒక ఇంట్లో పని జరుగుతుంటే రెండు రోజులు కూర్చున్నాను. (మా వైపు నోటితో అనేటప్పుడు అది కాళహస్తి కాదు, కాళాస్త్రి.) నలుగురు పనిచేస్తున్నారు, ముగ్గురు ఆడవాళ్ళు. ఫోన్ కిటికీలో పెట్టి ఉంది. పొద్దున అన్నమయ్య కీర్తనలు, పదకొండు దాటాక ఇళయరాజా, మధ్యాహ్నం అన్నాలయ్యాక ఏదో సీరియల్ మాటలు. నేను మా ఆఫీసులో వినేదానికీ దీనికీ పెద్ద తేడా లేదు. అడిగితే, "పాట లేకపోతే నడుము నొప్పి తెలిసిపోతాది సార్" అంది వాళ్ళలో పెద్దామె. పాటకి ఇప్పుడు మిగిలిన పని అది. తక్కువ చేసి చెప్పడం లేదు. ఎనిమిది గంటలు నేల మీద కూర్చుని కసిమి గీతలు గీసే మనిషికి నడుము నొప్పి తెలియకపోవడం చిన్న సంగతి కాదు. కానీ ఆ పాటకీ ఆ గుడ్డ మీద ఉన్న నెమలికీ ఏ బంధమూ లేదు. ఫోన్ ఆపేసినా నెమలి ఆ నెమలే.

ఆ ఇంటాయనకి మాత్రం భారతం తెలుసు. వాళ్ళ నాయన వీధినాటకంలో వేషం కట్టేవాడట. నేను భారతం మిట్ట అనగానే కలం పక్కన పెట్టేసి అర్జున తపస్సు గురించి అరగంట మాట్లాడాడు. మాను ఎన్ని గెడల ఎత్తు, నిమ్మకాయలు ఎట్ల విసిరేవాళ్ళు, వర్షం వస్తే ఏం చేసేవాళ్ళు. మొత్తం భారతం ఒక గుడ్డ మీద రాయగలరా అని అడిగాను. "రాయొచ్చన్నా. ఎవరు కొంటారు?" అన్నాడు. తర్వాత కాసేపు ఆలోచించి, నేల మీద ఉన్న పాత క్యాలెండర్ వెనక బొగ్గుముక్కతో గదులు గీయడం మొదలుపెట్టాడు. నడుమ పెద్ద గదిలో ఏం పెడతావంటే కృష్ణుణ్ణి పెట్టలేదు, పట్టాభిషేకం పెట్టలేదు. పడుకున్న దుర్యోధనుణ్ణి గీశాడు, అడ్డంగా, గది ఈ చివరి నుంచి ఆ చివరికి.

ఆ వారం వాళ్ళు చేస్తున్నది ఒక చీర ఆర్డర్. కొంగు మీద సీతా స్వయంవరం. అక్షరాల పట్టీ వేస్తారా అని అడిగాను. వేయరట. ఒంటికి కట్టుకునే గుడ్డ మీద రాముడి పేరు రాస్తే కాళ్ళకి తగులుతుందని కొందరు, అక్షరాలుంటే డిజైన్ చెడిపోతుందని కొందరు వద్దంటారట. పట్టీ ఉండాల్సిన చోట సన్నగా పూలతీగ గీసి ఉంది. పెద్దామె దానికి పసుపు పూస్తోంది.